అంకుడాకు నూనెకి ఊదా రంగు రావట్లేదు, దాంతో కట్టిన లేపనం ఎండకి కరిగిపోతోంది (సోరియాసిస్)

వరాహగట్టు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. అరవై దాటిన మనిషికి సోరియాసిస్. మోచేతులు, మోకాళ్లు, నడుము కింద భాగం, తలలో చెవుల వెనక వరకు ఉంది. చర్మ వైద్యులు చూసి తేల్చిన జబ్బే, అనుమానం లేదు. క్యాల్సిపోట్రియాల్, బీటామెథసోన్ కలిసిన ఆయింట్‌మెంటు ఒంటికి, క్లోబెటసాల్ లోషన్ తలకి రాసిచ్చారు. దానికి తోడుగా అంకుడాకు నూనె తీసి, కొంత నూనెగానే ఉంచి, మిగతాది తేనె మైనంతో లేపనంగా కడుతున్నాం.

చేస్తున్న పద్ధతి ఇది. పచ్చి ఆకు 250 గ్రాములు కడిగి, తుంచి, 500 మి.లీ. కొబ్బరి నూనెలో వేసి, స్టీలు గిన్నెకి మూత పెట్టి మేడ మీద ఎండలో ఉంచడం. వారం తర్వాత వడగట్టడం. మైనం 100 గ్రాముల నూనెకి 10 గ్రాములు.

వస్తున్న ఇబ్బందులు:
1. నూనె ఊదాగా మారాలంటారు కదా, ఆకుపచ్చ కలిసిన మట్టి రంగులోనే ఆగిపోతోంది. నెల తిరిగేసరికి ముక్క వాసన.
2. మధ్యాహ్నానికి లేపనం డబ్బాలో నీరుగా మారుతోంది. రాత్రికి మళ్లీ గడ్డకట్టినా రవ్వరవ్వగా ఉంటోంది.
3. డాక్టరు ఇచ్చిన ఆయింట్‌మెంటు, ఇది, రెండూ ఒకే పూట రాయొచ్చా?
4. కలబంద గుజ్జు, కర్పూరం కూడా కలపమని కొందరంటున్నారు. కలపాలా?

---

ఆకు_పసరు

ముందు చెట్టు సంగతి తేలాలి. రంగు రాలేదంటే నాకు మొదట వచ్చే అనుమానం అదే. అంకుడు, తెడ్లపాల, పాలకొడిశ అని మన దగ్గర పిలిచేది రైటియా టింక్టోరియా. కొడిశపాల అని ఇంకోటి ఉంది, హోలరీనా. రెండిటికీ తుంచితే తెల్లటి పాలు కారతాయి, రెండిటికీ తెల్ల పూలు, రెండూ ఒకే గుట్ట మీద పక్కపక్కనే పెరుగుతాయి, పేర్లు కూడా కలగలిసిపోయాయి. ఆకు ఏరి తెచ్చేవాళ్లు "కొడిశె" అనగానే ఏది దొరికితే అది కోసుకొస్తారు.

కాయలున్నప్పుడు తేడా పట్టడం సులువు. అంకుడు కాయలు సన్నగా, పొడుగ్గా, జంటగా వేలాడతాయి. లేతగా ఉన్నప్పుడు ఆ జంట కాయల కొనలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి, పండాకే విడిపోతాయి. కొడిశపాల కాయలు కూడా జంటే, కానీ కొనలు కలవవు, కాయ మీద తెల్లటి చుక్కలు కనిపిస్తాయి. పూలున్న కాలమైతే పువ్వు మధ్యలో చూడండి. అంకుడు పువ్వు గొంతు దగ్గర తెల్లటి కుచ్చులా పీచులుంటాయి. కొడిశపాల పువ్వు మల్లెలా సాదాగా ఉంటుంది. ఆకు ఒక్కదాన్ని బట్టే చెప్పాలంటే, కొడిశపాల ఆకు బాగా పెద్దది, ఈనెలు లెక్కపెట్టుకునేంత స్పష్టంగా ఉబ్బి ఉంటాయి. అంకుడాకు దానికన్నా చిన్నది, ఎండితే నలుపు కలిసిన నీలానికి తిరుగుతుంది. నాలుగు ఆకులు నలిపి కాగితం మధ్య పెట్టి ఆరనిచ్చి చూడండి. నీలి ఛాయ రాకపోతే ఆ చెట్టుని వదిలేయండి.

ఆ నీలం ఊరికే రాలేదు. ఇది నీలిమందు చెట్టు కూడా. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో సామర్లకోటలో ఉండి మొక్కల మీద పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ ఈ ఆకు నుంచి నీలిమందు తీయడం గురించి రాశాడు. పేరులో 'టింక్టోరియా' అన్నది అద్దకం పనికొచ్చే మొక్కలకి పెట్టే మాట. మీ నూనెకి రావలసిన ఊదా రంగు ఈ బాపతుదే.

మీ పేరులో వరాహ నది చూస్తే దాని ఒడ్డున ఉన్న ఏటికొప్పాక దగ్గరివారిలా ఉన్నారు. అలాగైతే లక్క బొమ్మలు తిప్పే వాళ్లని అడగండి, వాళ్లు వాడేది అంకుడు కర్రే. చెట్టుని గుర్తుపట్టడంలో మా పుస్తకాలకన్నా వాళ్ల కన్ను నమ్మకం.

ఒక హెచ్చరిక. తెల్ల పాలు కారే ప్రతి చెట్టూ మందు కాదు. గన్నేరు కూడా ఇదే కుటుంబం, అది విషం. కోసేటప్పుడు కళ్లు రుద్దుకోకండి, ఈ పాలు కంట్లో పడితే బాగా మండుతాయి.

---

కల్వం_పొత్రం

చెట్టు సరైనదే అనుకుని చెప్తున్నా. మీ పద్ధతిలో రెండు లోపాలు కనిపిస్తున్నాయి, రెండూ నీటి గురించే.

ఆకు కడిగారు, మంచిదే. ఎంతసేపు ఆరబెట్టారో రాయలేదు. కడిగిన ఆకుని గుడ్డ మీద పరిచి, నీడలో, ఫ్యాను కింద, రెండు వైపులా తడి పూర్తిగా పోయేదాకా ఉంచాలి. అయితే వాడిపోయి గలగలలాడేదాకా కాదు, పచ్చిగానే నూనెలో పడాలి. ఇక మూత. ఎండలో ఆకులోని నీరు ఆవిరై మూతకి తగిలి, చుక్కలై మళ్లీ నూనెలోకే కారుతుంది. సాయంత్రం మూత తీసి లోపలి వైపు వేలితో రాసి చూడండి, తడి తగులుతుంది. ఆ నీరే అడుగున చేరి ఆకుని కుళ్లబెడుతుంది, నూనెకి ముక్క వాసన తెస్తుంది. మూత తీసేసి, గిన్నె మూతికి పల్చటి నూలుగుడ్డ వాసెన కట్టండి. సాయంత్రం మంచు దిగకముందే లోపల పెట్టి, పొద్దున ఎండ ఎక్కాక మళ్లీ బయటపెట్టాలి. పైగా స్టీలు గిన్నెకి మూత పెడితే ఆకు మీద వెలుగే పడదు కదా! వెడల్పు మూతి ఉన్న గాజు సీసా అయితే మేలు. ఇనుప చాకు, ఇనుప మూకుడు ఈ పనికి వాడరు. ఆకుని చేత్తోనే తుంచుతారు.

కొలత. తమిళనాట సిద్ధ వైద్యులు చేసే వెట్పాలై తైలం ఇదే. వాళ్ల లెక్క ఆకు ఒక వంతు, కొబ్బరి నూనె ఒక వంతు, తూకానికి తూకం. మీరు సగమే వేశారు, రంగు పలచబడటానికి అదో కారణం. కానీ అర కిలో ఆకు అర కిలో నూనెలో మునగదు, తేలిన ఆకుకి బూజు పడుతుంది. అందుకని రెండు విడతలు చేయండి. 250 గ్రాముల ఆకు 500 గ్రాముల నూనెలో వేసి, రోజూ రెండుసార్లు పొడి చెక్క గరిటెతో కిందకి అదుముతూ మూడు నాలుగు రోజులు ఎండలో ఉంచండి. పిండి, వడగట్టి, అదే నూనెలో కొత్తగా మరో 250 గ్రాములు వేసి ఇంకో మూడు నాలుగు రోజులు. మంచి ఎండైతే రెండో రోజుకే ఆకు అంచుల దగ్గర ఊదా గీతలు మొదలవుతాయి. చివరికి నూనెని గాజు గ్లాసులో పోసి వెలుగుకి అడ్డం పెడితే నేరేడు పండు రంగు కనపడాలి.

పొయ్యి మీద కాస్తే తొందరగా అయిపోతుందనుకునేవాళ్లకి కూడా ఒక మాట. ఈ ఆకుని కాగే నూనెలో వేస్తే వేగిపోతుంది, ఊదా రాదు, మీరు చెప్పిన మట్టి రంగే వస్తుంది. తైలపాకం, అంటే పొయ్యి మీద నూనె కాచడం, వేరే మూలికలకి. దానికి కల్కం (నూరిన ముద్ద) 1, నూనె 4, ద్రవం 16 అని లెక్క. అంటే ముద్ద 50 గ్రాములైతే నూనె 200, కషాయం 800 మి.లీ. సన్న సెగ మీద కాచి, ముద్దని వేళ్ల మధ్య తిప్పితే వత్తిలా సాగాలి, ఆ వత్తిని మంటలో పెడితే చిటపటమనకూడదు. చిటపటమందంటే నీరింకా ఉంది. వానాకాలంలో వేప, మంజిష్ఠ, పసుపు లాంటివాటితో చేసుకుంటే ఈ దారి. అంకుడుకి మాత్రం ఎండే కావాలి. శీతాకాలంలో ఆకు రాల్చే చెట్టు ఇది, ఎండలు ముదిరేవేళకి కొత్త ఆకు వేస్తుంది. చైత్ర వైశాఖాల్లో ఆకూ ఎండా రెండూ దొరుకుతాయి కాబట్టి ఏడాదికి సరిపడా అప్పుడే తీసిపెట్టుకోవచ్చు.

వడగట్టిన నూనెని ఒక రాత్రి కదపకుండా ఉంచి, పైనున్న తేట మాత్రం వేరే సీసాలోకి వంచండి. అడుగున మడ్డి, అందులో నీటి బొట్లు ఉంటాయి. ఆ చివరి రెండు చెంచాలకి ఆశపడితే మొత్తం సీసా పోతుంది.

ఇప్పుడు మైనం. శాస్త్రంలో సిక్థ తైలం అని ఉంది, మైనం ఒక వంతు, నువ్వుల నూనె ఆరు వంతులు. కొందరు అయిదంటారు. మీరు పదికి ఒకటి వేశారు, అదీ కొబ్బరి నూనెకి. కొబ్బరి నూనె 24 డిగ్రీలకే కరుగుతుంది. మన ఎండాకాలంలో గదిలోనే 38, 40 ఉంటే అంత తక్కువ మైనం దాన్ని నిలబెట్టలేదు. నా లెక్క ఇలా ఉంటుంది:

చలికాలానికి 100 గ్రాముల నూనెకి 12 గ్రాములు.
మామూలు రోజులకి 16 లేక 17.
ఎండాకాలానికి 20. ఇది వేలికి కొంచెం గట్టిగా తగులుతుంది, ఒంటి వేడికి మెత్తబడుతుంది, పరవాలేదు.

తేనె మైనం 62 నుంచి 64 డిగ్రీల దగ్గర కరుగుతుంది. గిన్నెని నేరుగా సెగ మీద పెట్టకండి. నీళ్లు కాగుతున్న గిన్నెలో చిన్న గిన్నె దించి, ముందు మైనం ఒక్కటే కొద్ది నూనెతో కరిగించి, తర్వాత మిగతా నూనె పోయండి. చల్లటి నూనె ఒక్కసారిగా పోస్తే మైనం ముక్కలుగా గడ్డకడుతుంది. మళ్లీ కరిగేదాకా ఉంచి దించేయండి. అయ్యిందో లేదో చూడటానికి స్టీలు పళ్లేన్ని ఫ్రిజ్‌లో పెట్టి ఉంచుకుని, దాని మీద అరచెంచా వేయండి. రెండు నిమిషాల్లో అదెంత గట్టిపడిందో చూస్తే డబ్బాలో ఎలా ఉంటుందో తెలుస్తుంది. పలచనైతే మైనం, గట్టిదైతే నూనె ఇంకాస్త వేసి సరిచేయడం అప్పుడైతేనే కుదురుతుంది.

రవ్వరవ్వగా ఉండటానికి కారణం అది పగలు కరిగి రాత్రి తనంతట తాను నెమ్మదిగా గడ్డకట్టడం. తయారీలోనూ అంతే, దించి వదిలేస్తే పలుకు కడుతుంది. చిక్కబడేదాకా చెక్క గరిటెతో ఆపకుండా కలిపి, గరిటె గీత నిలుస్తున్నప్పుడు డబ్బాలోకి తీయండి. పాడైనదాన్ని పారేయనక్కర్లేదు. వాసన లేకపోతే మళ్లీ కరిగించి, మైనం సరిచేసి, కలుపుతూ చల్లార్చండి. వాసన వచ్చిందా, దీపానికి కూడా వద్దు, పారేయండి. ముక్కిన నూనె పగిలిన చర్మం మీద మంట పుట్టిస్తుంది.

మైనం కొనేటప్పుడు వేళ్ల మధ్య నలపండి. అసలుదైతే వేడికి మెత్తబడి ముద్దలా సాగుతుంది, తేనె వాసన ఉంటుంది. జారుతూ, పొడిపొడిగా విరిగితే అందులో పారఫిన్ కలిసింది. చర్మానికి పారఫిన్ చెరుపేమీ చేయదు గానీ నా కొలతలు దానికి పనికిరావు.

కలబంద, కర్పూరం రెండూ వద్దు. కలబంద గుజ్జు దాదాపు అంతా నీరే. నూనె, మైనంలో అది కలవదు, బొట్లుగా విడిపోయి కొద్ది రోజుల్లోనే బూజు పడుతుంది. నీరూ నూనె కలిసి నిలవాలంటే ఎమల్సిఫయర్ కావాలి, ప్రిజర్వేటివ్ కావాలి, అది ఇంటి పని కాదు. కలబంద రాయాలనుంటే అప్పటికప్పుడు కోసి, పసుపు పచ్చ జిగురు కారిపోయేదాకా నిలబెట్టి, తెల్ల గుజ్జు విడిగా రాయండి. ఆ పసుపు జిగురు దురద పెడుతుంది. కర్పూరం పగుళ్లున్న చోట మండుతుంది, ఇంట్లో చిన్నపిల్లలుంటే అది నోట్లో పెట్టుకోవడం ప్రమాదం కూడా.

---

చర్మం_గది

పై రెండు జవాబులూ చదివాను, తయారీ గురించి నేను కలిపేదేం లేదు. వాడటం గురించి చెప్తాను.

మీ మూడో ప్రశ్న: రెండూ ఒకే పూట ఒకదాని మీద ఒకటి వద్దు. క్యాల్సిపోట్రియాల్ ఉన్న ఆయింట్‌మెంటు శుభ్రంగా తుడిచిన చర్మానికి నేరుగా తగలాలి. కింద మైనం పొర ఉంటే మందు సరిగా దిగదు. డాక్టరు రోజుకి ఒక్కసారి అని రాసి ఉంటే ఆ మందుని రాత్రి పెట్టుకుని, మీ లేపనాన్ని పొద్దున స్నానం అయ్యాక రాయండి. ఇంకో జాగ్రత్త, పొలుసులు ఊడటానికి వాడే శాలిసిలిక్ ఆమ్లం క్యాల్సిపోట్రియాల్‌ని చెడగొడుతుంది. మెడికల్ షాపులో ఎవరైనా శాలిసిలిక్ క్రీము ఇస్తే అది కూడా వేరే పూటే.

ఎంత రాయాలి? ట్యూబు నుంచి చూపుడు వేలి చివరి కణుపు పొడవునా పిండితే దాదాపు అర గ్రాము. అది పెద్దవాళ్ల రెండు అరచేతులంత మేరకి (వేళ్లతో కలిపి) సరిపోతుంది. మీరు చెప్పిన చోట్లు తల కాకుండా నాలుగైదు అరచేతులు ఉంటాయనుకుంటే పూటకి గ్రాము, గ్రాముంపావు. రోజుకి ఒక్క పూటైతే 100 గ్రాముల డబ్బా రెండు నెలలకి పైనే వస్తుంది. మందంగా పూస్తే ఎక్కువ పనిచేయదు, బట్టలకి అంటుతుందంతే. గోరువెచ్చటి నీళ్ల స్నానం, గుడ్డతో అద్దుకోవడం, చర్మం ఇంకా చెమ్మగా ఉండగానే రాయడం. ఈ వరస పాటిస్తే సగం లాభం. పొలుసుల్ని గోకి, పీచుతో రుద్ది ఊడదీయకండి. సోరియాసిస్‌లో గాయమైన చోట కొత్త మచ్చ పుడుతుంది.

ఏం ఆశించాలి? మామూలుగా చర్మం పైపొర మారడానికి నాలుగు వారాలు పడితే సోరియాసిస్ మచ్చలో అది మూడు నుంచి అయిదు రోజుల్లో జరిగిపోతుంది. పొలుసులు గుట్టలు పడేది అందుకే. జిడ్డు లేపనం ఏదైనా, వట్టి వాజిలీన్ అయినా సరే, వారం రెండు వారాల్లో పొలుసుని మెత్తబరుస్తుంది, దురద తగ్గిస్తుంది. ఎరుపు, మందం తగ్గడం వేరే పని, దానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు చూడాలి. ఎనిమిది వారాలకీ మచ్చ మందం తగ్గకపోతే ఆ మందు మీకు ఒట్టి తేమే ఇస్తోందని లెక్క.

అంకుడుకి పెద్ద పరీక్షల బలం లేదు. దగ్గరి చుట్టం ఒకటి ఉంది. చైనా వైద్యంలో వాడే నీలిమందు పొడితో చేసిన ఆయింట్‌మెంటుని తైవాన్ వైద్యులు సోరియాసిస్ మీద పరీక్షించి 2008లో ఫలితాలు ప్రచురించారు, మందులేని ఆయింట్‌మెంటుతో పోలిస్తే మచ్చలు బాగా తగ్గాయి. అందులో పనిచేసేది ఇండిరూబిన్ అనే ఎర్ర రంగు పదార్థమని వాళ్ల మాట. అంకుడాకులోనూ ఇండిరూబిన్ ఉందని తేలింది. కానీ మీ సీసాలో అది ఎంత ఉందో, ఈ చెట్టుకీ ఆ చెట్టుకీ ఎంత మారుతుందో కొలిచేవాళ్లు లేరు. మూలికలంటే నమ్మకం లేని మనిషిని కాదు నేను. సోరియాసిస్‌కి దశాబ్దాలుగా వాడిన డైత్రనాల్ పుట్టుక కూడా చెట్టు నుంచే. బ్రెజిల్ చెట్టు పొడి పోర్చుగీసు వాళ్ల వెంట గోవా చేరి 'గోవా పొడి' అయింది, దాన్ని అనుసరించి 1916లో జర్మనీలో డైత్రనాల్ చేశారు. అదీ చర్మాన్ని కాల్చేది, బట్టల్ని పాడుచేసేది. చెట్టు మందు అంటే చల్లగా ఉంటుందని ఎవరన్నారో!

కాబట్టి మొదలుపెట్టే ముందు పరీక్ష చేయండి. మోచేతి మడతకి కాస్త కింద, మచ్చ లేని చోట, రూపాయి బిళ్లంత మేర రోజుకి రెండుసార్లు వారం పాటు రాయండి. ఒక్కరోజు చూసి బాగుందనుకోవడం చాలదు, ఎలర్జీ తయారవడానికి రోజులు పడుతుంది. ఎర్రగా దద్దురు లేస్తే ఆ మనిషికి ఈ నూనె పడదు. పలచన చేసి చూద్దాం అనుకోవద్దు.

రాయకూడని చోట్లు: చంక, గజ్జ, రొమ్ముల కింద. అక్కడ మైనం లేపనం చెమటని పట్టి ఉంచి ఫంగస్ తెస్తుంది. రసి కారుతున్న చోట కూడా వద్దు. అక్కడ ముందు తడిగుడ్డ పట్టీ, రసి ఆగాకే జిడ్డు.

తల గురించి. చెవుల వెనక, నుదుటి అంచున జిడ్డుగా పసుపు పొట్టు ఉంటే అందులో కొంత సెబోరిక్ డెర్మటైటిస్ (చుండ్రు లాంటి చర్మ జబ్బు) కావచ్చు. దాన్ని పెంచే మలసీజియా అనే ఈస్టు నూనెల్లోని కొవ్వు ఆమ్లాల మీదే బతుకుతుంది. కొబ్బరి నూనె రాత్రంతా ఉంచితే అది పెరుగుతుంది. తలకి మైనం లేపనం అసలు వద్దు. నూనెనే పొలుసున్న చోట మాత్రం పట్టించి, రెండు గంటల్లో కీటోకొనజోల్ షాంపూతో కడిగేయండి.

ఆఖరుగా రెండు విషయాలు డాక్టరుకి చెప్పారో లేదో చూసుకోండి. బీపీకి మెటోప్రొలాల్, ప్రొప్రనొలాల్ లాంటి బీటా బ్లాకర్ వాడుతుంటే అది సోరియాసిస్‌ని రేపగలదు. మాత్ర మీరు ఆపకండి, అడగండి. పొద్దున లేవగానే వేళ్లు, మడమలు అరగంటకి పైగా బిగుసుకుంటుంటే అది కీళ్లకి పాకిన సోరియాసిస్ కావచ్చు, దానికి ఏ లేపనమూ పనిచేయదు. ఒళ్లంతా ఎర్రబారి చలి, జ్వరం వచ్చినా, చీము పొక్కులు లేచినా అదే రోజు ఆసుపత్రికి.

---

సంతపేట

ఇదే జబ్బుకి ఊళ్లలో "మూలికా మలాం" అని చిన్న డబ్బాల్లో అమ్ముతున్నారు. తెల్లగా, వాసన లేకుండా ఉంటుంది. మూడు రోజుల్లో మచ్చ మాయం అంటున్నారు, నిజంగానే తగ్గుతోంది కూడా. అందులో ఏ ఆకు ఉంటుందో చెప్పగలరా?

---

చర్మం_గది

ఆకు కాదు, స్టెరాయిడ్ అయ్యుంటుంది. మూడు రోజుల్లో ఎరుపు పోగొట్టే ఆకు నాకు తెలిసి లేదు, క్లోబెటసాల్ ఆ పని చేస్తుంది. ఇది మన ఒక్క దేశపు జాడ్యం కాదు. లండన్ వైద్యులు 1999లో ఎగ్జిమాకి అమ్ముతున్న 11 చైనా మూలికా క్రీముల్ని ల్యాబ్‌లో చూస్తే ఎనిమిదింటిలో డెక్సామెథసోన్ బయటపడింది.

ఇంట్లో పట్టుకునే పరీక్ష లేదు, ల్యాబే కావాలి. కానీ గుర్తులు ఉంటాయి. రాసినన్నాళ్లు మాయం, ఆపిన వారం పది రోజుల్లో ముందుకన్నా ఎక్కువగా తిరగబడటం. చర్మం ఉల్లిపొరలా పలచబడి, లోపలి సన్నటి రక్తనాళాలు కనపడటం. తొడల మీద, చంకల దగ్గర చారలు. నెలల తరబడి వాడినవాళ్లు ఒక్కసారిగా ఆపితే ఒళ్లంతా ఎగదన్నే ప్రమాదం ఉంది, డబ్బాతో సహా డాక్టరు దగ్గరికి వెళ్లి మెల్లగా తగ్గించుకోవాలి.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం తామరకి. మన ఊళ్లలో గజ్జి, తామర, సోరియాసిస్, ఎగ్జిమా అన్నిటికీ ఒకే డబ్బా. తామర ఫంగస్. అంచు ఎర్రగా ఉంగరంలా ఉబ్బి, మధ్యలో మానుతున్నట్టు ఉంటుంది. దాని మీద స్టెరాయిడ్ రాస్తే దురద ఆగుతుంది, ఎరుపు పోతుంది, ఫంగస్ మాత్రం హాయిగా పాకుతుంది, ఉంగరం ఆకారం చెరిగిపోయి తర్వాత చూసే డాక్టరు కూడా పోల్చుకోలేడు. పొట్టుని కాస్త గీకి కె.ఓ.హెచ్. (పొటాషియం హైడ్రాక్సైడ్) చుక్క వేసి మైక్రోస్కోపులో చూస్తే అక్కడికక్కడే తేలిపోయే విషయం ఇది.

---

కల్వం_పొత్రం

చర్మం_గది డాక్టరు గారితో ఏకీభవిస్తూ లేబుల్ సంగతి కలుపుతున్నా. ఆయుర్వేద మందు అమ్మాలంటే తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, తయారీదారు చిరునామా, ఏ మూలిక ఎంత వేశారో ఉండాలి. "పురాతన రహస్య మూలికలు" అని రాసి ఊరుకుంటే ముట్టుకోవద్దు. రంగు, వాసన కూడా చూడండి. నిజంగా ఆకు పడిన లేపనం పచ్చగానో, గోధుమగానో, ఊదాగానో ఉంటుంది, ఏదో ఒక పసరు వాసన కొడుతుంది. కానుగ నూనె పడితే ఆ ఘాటు గది అంతా వస్తుంది. పాలలా తెల్లగా, ఏ వాసనా లేకుండా 'పదమూడు మూలికలు' అంటే అవి ఎక్కడ దాక్కున్నాయని అడగాలి.

---

వరాహగట్టు

చెట్టు సరిగానే ఉంది, కొనలు కలిసిన జంట కాయలే. అంటే నీరూ మూతా కారణం. మూడు చిన్న సందేహాలు మిగిలాయి. నిల్వకి విటమిన్ ఇ క్యాప్సూల్ పిండితే సరిపోతుందా? సగం కానుగ నూనె కలపొచ్చా? బావంచాల (బాకుచి గింజల) పొడి కూడా ఇందులో వేయమని ఒకరు గట్టిగా చెప్తున్నారు.

---

కల్వం_పొత్రం

షాపుల్లో దొరికే విటమిన్ ఇ క్యాప్సూల్స్‌లో ఎక్కువగా ఉండేది టోకోఫెరిల్ ఎసిటేట్. అది ఒంట్లోకి వెళ్లాక విడిపోయి పనిచేస్తుంది గానీ సీసాలోని నూనెని ముక్కకుండా ఆపదు. ఆ పని ఎసిటేట్ కాని టోకోఫెరాల్‌ది. అది దొరికితే 100 గ్రాములకి 0.2 గ్రాములు, లేపనం చిక్కబడేటప్పుడు కలపండి. దొరక్కపోతే మానేయండి. ముదురు రంగు సీసా, నిండా పోయడం, చల్లటి చోటు, తడి వేలు పెట్టకుండా చిన్న పొడి చెంచా, ఇవే ఎక్కువ కాపాడతాయి. పెద్ద డబ్బా ఒకటి కాకుండా 50 గ్రాములవి నాలుగు కట్టుకుని ఒకటి అయ్యాకే ఇంకోటి తెరవండి.

కానుగ సగం ఎక్కువ. మొత్తం నూనెలో పదో వంతుతో మొదలుపెట్టి, మళ్లీ వారం పరీక్ష చేశాకే పెంచండి. అది పైపూతకే, లోపలికి కాదు. వేపనూనె సంగతీ అంతే. పసిపిల్లలకి వేపనూనె చెంచాడు తాగించి ప్రాణం మీదికి తెచ్చిన సందర్భాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి, సీసా మీద పేరు రాసి అందనంత ఎత్తులో పెట్టండి.

బావంచాలు మాత్రం వేయకండి. అవి బొల్లికి వాడేవి, వాటిలో సోరలెన్ ఉంటుంది. అది రాసుకుని ఎండ తగిలితే మర్నాటికో, ఆ మర్నాటికో నీటి పొక్కులు లేస్తాయి, తర్వాత నెలల తరబడి నల్లమచ్చ. వైద్యుడు నిమిషాలు లెక్కపెట్టి ఎండ చూపించే మందు అది. పొలానికి వెళ్లే మనిషి మోచేతికి పూసుకునేది కాదు.

---

చర్మం_గది

బావంచాల మాటకి నాదీ అదే ఓటు. ఆసుపత్రిలో లైటు చికిత్స తీసుకునే రోజుల్లో అయితే మరీ వద్దు. ఆ రోజు చికిత్స అయ్యేదాకా అంకుడు నూనె కూడా రాయకండి, ముదురు రంగు నూనె లైటుని ఆపుతుంది.

లేపనం పూసుకున్న లుంగీ, దుప్పటి జిడ్డు పీల్చుకుని నిప్పు తొందరగా అంటుకుంటాయి. బీడీ, పొయ్యి, దోమల చుట్ట దగ్గర జాగ్రత్త. ఊదా మరక ఉతికినా పోదు, ముదురు రంగు పాత బట్ట ఒకటి విడిగా పెట్టుకుని, దాన్ని సబ్బు వేసిన వేడినీళ్లలో నానబెట్టి ఉతకండి.

---

వరాహగట్టు

సరేనండీ. పాతది వాసన వచ్చిన సీసా పారబోసి, ఈసారి గాజు సీసా, నూలుగుడ్డతో మొదలుపెడతాం. డబ్బాలకి ప్లాస్టిక్ పనికొస్తుందా, గాజే కావాలా?

---

కల్వం_పొత్రం

వెడల్పు మూతి గాజువి మేలు. ప్లాస్టిక్ అయితే లేపనం బాగా చిక్కబడ్డాకే తీయండి, వేడిగా పోస్తే డబ్బా వంగుతుంది. డబ్బా ఏదైనా కడిగి, ఎండలో బోర్లించి, లోపల చెమ్మ లేదని చూసుకున్నాకే నింపండి. మూత మాత్రం లేపనం పూర్తిగా చల్లారాకే పెట్టాలి.